ఒంటిమిట్ట కోదండరాముడి గుడి: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఉంటామని తెలిస్తే చాలు, చైత్రం వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. బంధువులు, పాత ఆఫీసువాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట. ఈ గుడి గురించి వినిపించేవాటిలో కొన్ని శాసనాల్లో ఉన్నవి, కొన్ని స్థలపురాణం, కొన్ని జనం తరతరాలుగా చెప్పుకునేవి. మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తే చరిత్రా మిగలదు, పురాణమూ మిగలదు. అందుకే ఏది ఎక్కడిదో చెప్పుకుంటూ పోతాను.

ఒంటిమిట్ట సరిగ్గా ఎక్కడుంది? ఎలా రావాలి?

కడప నుంచి రాజంపేట మీదుగా తిరుపతి వెళ్లే రోడ్డు మీద, కడపకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో. రాజంపేట వైపు వెళ్లే బస్సు ఏదెక్కినా ఒంటిమిట్టలో దిగొచ్చు. ఎక్స్‌ప్రెస్ అయితే ఆపుతాడో లేదో కండక్టర్‌ను ముందే అడగండి. బస్సు దిగాక గుడికి నడిచే పోవచ్చు, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. రైల్వే స్టేషన్ కూడా ఉంది గానీ అక్కడ ఆగే బండ్లు తక్కువ. దూరం నుంచి వచ్చేవాళ్లు కడపలో దిగి బస్సెక్కడమే మేలు.

ఇది ఎప్పటి గుడి? ఎవరు కట్టించారు?

ఒక్క రాజు పేరు చెప్పమంటే కుదరదు. మన దగ్గర పెద్ద గుళ్లు ఏవీ ఒక్కసారిగా లేచినవి కావు. ఒకరు గర్భగుడి కట్టిస్తారు, వందేళ్లకు ఇంకొకరు మంటపం, ఆ తర్వాత ఎవరో గోపురం, ప్రాకారం. ఒంటిమిట్టా అలాగే పెరిగింది.

మొదటి గుడి 14వ శతాబ్దంలో, విజయనగర రాజ్యం అప్పుడే నిలదొక్కుకుంటున్న రోజుల్లో కట్టారని చెబుతారు. హరిహర బుక్కరాయల సోదరుడు కంపరాయలు ఉదయగిరిని పాలించేవాడు. ఆయన ఈ దారిన వస్తూ ఇక్కడ గుడి, చెరువు ఏర్పాటు చేయించాడన్నది ఊరి కథ. కంపరాయలు చరిత్రలో ఉన్న మనిషే. ఆయనకూ ఈ గుడికీ ఉన్న సంబంధం మాత్రం స్థలపురాణం ద్వారా వచ్చిందని గుర్తుంచుకోండి.

రాతిలో దొరికే ఆధారాలు 16వ శతాబ్దానివి. విజయనగర రాజు సదాశివరాయల కాలంలో, 1555లోనూ 1558లోనూ వేయించిన శాసనాలు ఈ గుడికి ఇచ్చిన దానాల గురించి చెబుతాయి. అంటే తళ్లికోట యుద్ధానికి పదేళ్ల ముందు ఇక్కడ పనులు జోరుగా సాగుతున్నాయన్నమాట. 1565లో ఆ యుద్ధం జరిగి హంపి పాడుబడింది. కానీ ఇక్కడి పని ఆగిపోలేదు. సిద్ధవటం కోట నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన మట్లి రాజులు గుడిని పెంచుకుంటూ వచ్చారు. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చే సంగతి ఇదే. రాజధాని కూలిపోయినా, వందల మైళ్ల అవతల ఒక సామంత కుటుంబం అదే పద్ధతిలో రాయి చెక్కిస్తూ పోయింది.

కొందరు మంటపాన్ని చూసి ‘చోళుల గుడి’ అంటారు. చోళ శిల్ప పద్ధతి ఛాయలు కొన్ని ఉన్నమాట నిజమే, కానీ ఇప్పుడు మన కళ్లకు కనిపించే గోపురాలు, మంటపాలు విజయనగర పద్ధతివే.

ఒంటుడు, మిట్టుడు ఎవరు? వాళ్ల పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందా?

వాళ్లిద్దరూ బోయ సోదరులు, దారిదోపిడీ చేసేవాళ్లు అని కథ. దోచిన సొమ్ము ఈ గుట్టల్లో దాచేవాళ్లట. తర్వాత మనసు మారి రాముడి సేవలో పడ్డారు. కంపరాయలు ఇటు వచ్చినప్పుడు ఆయనకు దాహం తీర్చి, ఇక్కడి దేవుణ్ణి చూపించి, గుడి కట్టించమని అడిగారు. గుడి బాధ్యత కూడా వాళ్లకే అప్పగించి వెళ్లాడట రాజు. చివరికి ఇద్దరూ ఇక్కడే శిలలైపోయారంటారు. గుడి వాకిట్లో వాళ్ల విగ్రహాలని చూపించే రాళ్లు కూడా ఉన్నాయి.

పేరు సంగతికొస్తే, ఒంటిగా ఉన్న మిట్ట మీద గుడి కాబట్టి ఒంటిమిట్ట అనేవాళ్లూ ఉన్నారు. మిట్ట అంటే ఎత్తయిన నేల అని రాయలసీమలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నాకు ఈ రెండోదే సబబుగా తోస్తుంది. అయినా ఒంటుడు మిట్టుడి కథ తీసేస్తే గుడికి ఒక పెద్ద అందం పోతుంది. రాజు గుడి కట్టించాడని చెప్పే కథలు బోలెడు. దొంగలు అడిగి కట్టించుకున్నారని చెప్పేవి ఎన్ని?

ఏకశిలా నగరం అని ఎందుకంటారు?

గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు కాబట్టి. మూడు వేరు వేరు విగ్రహాలు పక్కపక్కన నిలబెట్టినవి కావు. దర్శనం చేసుకునేటప్పుడు అలంకారంలో, పూలమాలల్లో ఇది తెలియదు.

గర్భగుడిలో హనుమంతుడు ఎందుకు లేడు?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. హనుమంతుడు లేని రామాలయం అంటే మన ఊళ్లలో ఊహించుకోలేం కదా. పల్లెలో చిన్న భజన గుడి కట్టినా, రాముడి పాదాల దగ్గర చేతులు జోడించి కూర్చోవాల్సిందే.

స్థలపురాణం చెప్పే సమాధానం కాలానికి సంబంధించింది. ఇక్కడి రాముడు అరణ్యవాసంలో ఉన్నాడు. సీతాపహరణం ఇంకా జరగలేదు, కిష్కింధ ఇంకా రాలేదు. రాముడు, హనుమంతుడు ఇంకా కలుసుకోనే లేదు. కలవని బంటు పక్కన ఎలా ఉంటాడు? సీతమ్మ పక్కనే ఉంది చూడండి, అదే గుర్తు. అడవిలో ముగ్గురూ కలిసి తిరిగిన రోజులవి.

ఇక్కడ తెలివైనవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. ‘ఈ మూర్తిని ప్రతిష్ఠించింది జాంబవంతుడు అంటారు కదా, ఆయన కూడా రాముణ్ణి కలిసింది కిష్కింధ తర్వాతే కదా?’ అని. మా ఇంట్లో పిల్లలు కూడా ఇలాగే పట్టుకున్నారు. దీనికి పెద్దవాళ్లు చెప్పే సర్దుబాటు ఒకటుంది: ప్రతిష్ఠ తర్వాతిదే, మూర్తిలో ఉన్న ఘట్టం మాత్రం ముందరిది. పెళ్లయిన ఇరవై ఏళ్లకు గోడకు పెళ్లి ఫోటో తగిలించుకున్నట్టు అనుకోండి.

హనుమంతుడు అసలు లేడని మాత్రం కాదు. గుడి బయట, ఎదురుగా సంజీవరాయస్వామి పేరుతో ఆయనకు వేరే గుడి ఉంది. లోపల దర్శనం అయ్యాక అక్కడికీ వెళ్లి దణ్ణం పెట్టుకోవడం ఆనవాయితీ. తొందరలో చాలామంది అటు చూడకుండా బస్సెక్కేస్తారు. అలా చేయకండి. ఇంకో ముచ్చట: బ్రహ్మోత్సవాల్లో హనుమంత వాహనం ఉంటుంది. మూలవిరాట్టు పక్కన చోటు లేనివాడే ఉత్సవమూర్తిని భుజాన మోసుకుని మాడవీధుల్లో తిరుగుతాడు.

రాముడు ఈ ప్రాంతానికి ఎందుకు వచ్చాడంటారు?

మృకండు మహర్షి, శృంగి మహర్షి ఇక్కడ యాగాలు చేసుకుంటుంటే రాక్షసులు పాడు చేసేవారట. వాళ్లు వేడుకుంటే రాముడు సీతాలక్ష్మణులతో వచ్చి కాపాడాడు. కోదండం, అంబులపొదితో పాటు పిడిబాకు కూడా ధరించి వచ్చాడని ఇక్కడి కథ ప్రత్యేకంగా చెబుతుంది. పిడిబాకు పట్టిన రాముడు! సీమ దేవుడు కదా అని మావాళ్లు నవ్వుకుంటూ అనుకుంటారు.

దీనికి జోడుగా ఇంకో కథ. సీతమ్మకు దాహమైతే రాముడు బాణం వేసి నీళ్లు పైకి తెచ్చాడు, అదే రామతీర్థం. దాని తోడుగా లక్ష్మణతీర్థం ఉంది. గుడి గురించి ఏ కథ తీసుకున్నా నీళ్ల దగ్గరికే రావడం గమనించారా? రాజుకు దాహం, సీతమ్మకు దాహం, ఇంకా కింద వచ్చే ఇమాంబేగ్ బావి. వానలు ఆలస్యమైతే ఆకాశం వంక చూసే జిల్లాలో కథలు ఇంకెలా పుడతాయి? ఊరికి ఆనుకుని ఉన్న పెద్ద చెరువును కూడా తప్పకుండా చూడండి. నిండిన ఏడాది దాని గట్టు మీద నిలబడితే కడప జిల్లాలో ఉన్నామా అనిపిస్తుంది.

అన్నిచోట్లా సీతారాముల కల్యాణం నవమి నాడు పగలు జరుగుతుంది. ఇక్కడ రాత్రిపూట ఎందుకు?

ఇక్కడ కల్యాణం చైత్ర శుద్ధ చతుర్దశి నాడు, పొద్దు గూకాక, దాదాపు నిండు చంద్రుడి కింద జరుగుతుంది. నవమి దాటి ఐదు రోజులకన్నమాట.

కారణంగా చెప్పే కథ ముద్దుగా ఉంటుంది. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మీదేవి, చంద్రుడు ఇద్దరూ అందులోంచే పుట్టారు. అంటే అన్నాచెల్లెళ్లు. లక్ష్మీనారాయణుల పెళ్లి పగటిపూట జరిగిందట. ‘చెల్లెలి పెళ్లి నేను చూడలేకపోయాను స్వామీ’ అని చంద్రుడు బాధపడితే, ‘రామావతారంలో నీ కళ్లెదుటే చేసుకుంటాను, ఒంటిమిట్టలో చూడు’ అని విష్ణువు మాటిచ్చాడట. చెల్లెలి పెళ్లికి మేనమామ వరసవాళ్లు, అన్నదమ్ములు అందకపోతే ఎంత గొడవవుతుందో మన ఇళ్లలో తెలియంది కాదు. ఆ గొడవను దేవుడు కూడా తీర్చాల్సి వచ్చింది.

ఇంకో వివరణ కూడా ఉంది. విజయనగర రాజులు తాము చంద్రవంశం వారమని చెప్పుకునేవారు కాబట్టి వాళ్ల కాలంలో ఈ పద్ధతి ఏర్పడిందంటారు. నా మట్టుకు నాకు వీటన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఎండ. చైత్రంలో కడప ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. వేలమంది ఆరుబయట కూర్చుని చూడాల్సిన పెళ్లికి రాత్రిని మించిన ముహూర్తం ఏముంటుంది? ఇది పురాణమూ కాదు, చరిత్రా కాదు, ఆ ఎండ తగిలినవాడి అభిప్రాయం.

కల్యాణం రోజు పొద్దున శివధనుర్భంగ అలంకారం ఉంటుంది. పొద్దున విల్లు విరిచి, రాత్రి పెళ్లి. రామాయణంలో కథ నడిచిన వరసే ఒక్క రోజులో కళ్ల ముందు నడుస్తుంది. అర్థం తెలిసి చూస్తే ఆ పొద్దుటి అలంకారం కూడా వదలబుద్ధి కాదు. తెల్లారి రథోత్సవం.

మరి నవమి రోజు ఏం జరుగుతుంది? ఆ రోజు వస్తే కల్యాణం చూడొచ్చా?

చూడలేరు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఈ పొరపాటు పడతారు. నవమి నాడు ఇక్కడ ధ్వజారోహణం, అంటే బ్రహ్మోత్సవాలు మొదలయ్యే రోజు. తొమ్మిదో రోజు చక్రస్నానంతో ముగుస్తాయి. కల్యాణం కోసమే వచ్చేవాళ్లు క్యాలెండర్‌లో చతుర్దశి ఎప్పుడో చూసుకుని టికెట్లు బుక్ చేసుకోండి. గుడి చూడటం కోసం వచ్చేవాళ్లు ఆ తొమ్మిది రోజులూ వదిలేసి, కార్తీకంలోనో మాఘంలోనో రండి. స్తంభాల దగ్గర నిలబడటానికి చోటు దొరుకుతుంది.

రాష్ట్రం విడిపోయాక భద్రాచలం తెలంగాణకు వెళ్లింది కాబట్టి ఒంటిమిట్టను పైకి తెచ్చారు, అంతే కదా?

సగం నిజం. 2014లో రాష్ట్ర విభజన తర్వాత భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఉత్సవాలు ఎక్కడ జరపాలన్న చర్చ వచ్చి, 2015 నుంచి ఒంటిమిట్టను ఎంచుకున్నారు. అదే ఏడాది గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వచ్చింది. అప్పటినుంచి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తున్నారు.

అధికారిక హోదా అప్పుడు వచ్చింది, నిజమే. కానీ గుడికి గొప్పదనం అప్పుడు వచ్చింది కాదు. ‘ఆంధ్రా భద్రాద్రి’ అని టీవీల్లో అంటుంటే మాకు కొంచెం చివుక్కుమంటుంది. రామదాసు భద్రాద్రిలో గుడి కట్టించింది 17వ శతాబ్దంలో. ఇక్కడి శాసనాలు అంతకు నూరేళ్ల ముందువి. ఎవరు గొప్ప అని పోటీకి రాలేదు లెండి, భద్రాచలం మాకూ దైవమే. ఒకదాని నీడలో ఇంకోదాన్ని చూపించకపోతే చాలు.

ఉత్సవం పెద్దదయ్యాక జనమూ పెరిగారు, ఇబ్బందులూ వచ్చాయి. 2018 మార్చి 30న కల్యాణం రోజున గాలివాన వచ్చి పందిళ్లు కూలాయి, నలుగురు చనిపోయారు. ఇప్పుడు కల్యాణానికి శాశ్వత వేదిక ఉంది. అయినా వేసవి సాయంత్రాల్లో మా జిల్లాలో గాలివాన ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో వచ్చేటప్పుడు బయటికి వెళ్లే దారి ఎటో ముందే చూసుకుని కూర్చోండి.

శిల్పం గురించి ఏమీ తెలియదు. గుడిలో ఏం చూడాలి?

తూర్పు గోపురం ముందు నిలబడి మొదలుపెట్టండి. ఐదు అంతస్తులది. కింద రాతి భాగం, పైన ఇటుక, గార. విజయనగర కాలపు గోపురాల పద్ధతే అది: బరువు మోసేది రాయి, ఎత్తు ఇచ్చేది ఇటుక. ఇలాంటి గోపురాలు మొత్తం మూడున్నాయి.

లోపలికి రాగానే విశాలమైన ఆవరణ, మధ్యలో రంగమంటపం. 32 స్తంభాలు. ఇక్కడే చాలామంది క్యూలో చేరిపోయి తల ఎత్తకుండా లోపలికి పోతారు. దర్శనం తర్వాతైనా సరే, వెనక్కి వచ్చి ఒక్కో స్తంభం చుట్టూ తిరగండి. చుట్టూ అని ఎందుకంటున్నానంటే, నాలుగు వైపులా నాలుగు రకాల బొమ్మలుంటాయి. ముందు వైపు చూసి పోతే మూడొంతులు పోగొట్టుకున్నట్టే.

రామాలయం కదా, అన్నీ రామాయణ ఘట్టాలే ఉంటాయనుకుంటారు. ఉన్నాయి, కానీ కృష్ణుడూ తక్కువేం కాదు. గోవర్ధనం ఎత్తిన కృష్ణుణ్ణి వెతకండి. కాళీయుడి పడగల మీద నిలబడ్డ కృష్ణుడి దగ్గర ఆగండి. పాము మెలికలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతున్నాయో వేలితో గాలిలో గీసుకుంటూ పట్టుకుంటే, అంత ఇరుకు చోటులో ఆ శిల్పి బరువునూ కదలికనూ ఎలా ఇమిడ్చాడో తెలుస్తుంది. రాయిని తాకకండి, గాలిలోనే గీసుకోండి. వందల ఏళ్లుగా వేల చేతులు తడమడం వల్ల చాలా గుళ్లలో బొమ్మల ముక్కూ మొహం నున్నబడిపోయాయి.

వీలైతే పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రండి. మిట్టమధ్యాహ్నం వెలుతురులో చెక్కడాలు చదునుగా కనిపిస్తాయి. ఏటవాలు వెలుగు నీడలు వేస్తే నగల పూసలు కూడా విడివిడిగా తేలుతాయి.

ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కూడా. స్తంభాలకు పసుపు, కుంకుమ, నూనె పూయడం, పేర్లు గీయడం నేరం. దేవుడికి పెట్టాల్సిన బొట్టు దేవుడికే పెట్టండి.

విదేశీ యాత్రికుడెవరో ఈ గోపురాన్ని పొగిడాడంటారు. నిజమేనా?

జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు. 1652లో గండికోటలో ఉన్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వెళ్తూ ఈ దారిన వచ్చాడు. భారతదేశంలోని గొప్ప గోపురాల్లో ఇదొకటని ఆయన మెచ్చుకున్నట్టు చెబుతారు. వజ్రాలు కొనడానికి దేశాలు తిరిగిన మనిషి, చెక్కడం పనితనం తెలిసినవాడు. అతని కన్ను ఇక్కడ ఆగిందంటే ఆశ్చర్యం లేదు.

పోతన భాగవతం రాసింది ఒంటిమిట్టలోనేనా?

జాగ్రత్తగా చెప్పాల్సిన జవాబు ఇది. వరంగల్ స్నేహితులు కూడా చదువుతుంటారు.

పోతన తాను ఏకశిలా నగరం వాడినని చెప్పుకున్నాడు. ఓరుగల్లుకు ఏకశిలా నగరమన్న పేరుంది, ఒంటిమిట్టకూ ఉంది. అక్కడ మొదలైంది తగాదా. బమ్మెర ఊరు వరంగల్ దగ్గర ఉండటం, ఇంటిపేరు బమ్మెర కావడం, చాలామంది పండితులు ఓరుగల్లు వైపే మొగ్గడానికి కారణాలు. మావాళ్లు మాత్రం కోదండరాముడే పోతన చేత భాగవతం పలికించాడని గట్టిగా నమ్ముతారు. గుడిలో పోతన విగ్రహం ఉంది, నవమి రోజున పోతన జయంతి చేస్తారు, కవులను పిలిచి సన్మానిస్తారు.

నా అభిప్రాయం అడిగితే, పుట్టుక విషయంలో బమ్మెర వాదనే బలంగా ఉంది. కానీ ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’ అన్న పద్యం ఒంటిమిట్ట రంగమంటపంలో ఎవరైనా గొంతెత్తి చదువుతుంటే వాదనలేవీ గుర్తుకు రావు. పోతనను పూజించడానికి ఆయన మా ఊరివాడే కానవసరం లేదు.

టెంకాయ చిప్ప పట్టుకుని గుడిని బాగు చేయించిన పెద్దాయన ఎవరు?

వావిలికొలను సుబ్బారావు గారు. వాసుదాస స్వామి అంటారు. ఈ గుడి చరిత్రలో రాజుల పేర్లకంటే ఈయన పేరు ముందు చెప్పుకోవాలని నా పట్టుదల.

1863లో కడప జిల్లాలోనే పుట్టారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా పనిచేశారు. వాల్మీకి రామాయణాన్ని మూలానికి దగ్గరగా తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఈ కోదండరాముడికే అంకితమిచ్చారు. దానికి మందరం పేరుతో పెద్ద వ్యాఖ్యానం కూడా రాశారు. ఆంధ్ర వాల్మీకి అన్న బిరుదు అందుకే.

అంత చదువు, అంత ఉద్యోగం ఉన్న మనిషి అన్నీ వదిలేసి, అప్పటికి దీపానికీ నైవేద్యానికీ కూడా కష్టంగా ఉన్న ఈ గుడిని నిలబెట్టడానికి టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా అడుక్కున్నారు. రైళ్లలో అడిగారు, బజార్లలో అడిగారు. వచ్చిన ప్రతి పైసా రాముడి ఖాతాలోకే. ఆ చిప్ప మీదనే ఏకంగా ఒక శతకం చెప్పారు. అడుక్కునే చిప్ప మీద శతకం చెప్పడానికి ఎంత భక్తి ఉండాలో, ఎంత హాస్యం ఉండాలో! స్వామికి నగలు చేయించడం, గుడి మరమ్మతులు, అన్నీ ఆ చిప్పలోంచి వచ్చినవే. 1936లో కాలం చేశారు. ఒంటిమిట్ట దగ్గర శృంగిశైలం మీద ఆయన ఆశ్రమం ఉంది.

1555లో ఊళ్లు రాసిచ్చిన ప్రభువులున్న గుడికి, మూడున్నర శతాబ్దాల తర్వాత చిప్పలో పడిన పైసలు దిక్కయ్యాయి. ఇప్పుడు దేవస్థానం నిధులు ఉన్నాయి కాబట్టి ఆ రోజులు చాలామందికి తెలియవు. పిల్లల్ని తీసుకొస్తే ఈ కథ తప్పకుండా చెప్పండి, వాళ్లకు రాజుల కథకంటే ఇదే గుర్తుంటుంది.

ఇమాంబేగ్ బావి కథ ఏమిటి? ముస్లింలు కూడా ఈ గుడికి వస్తారా?

వస్తారు. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ ఒకసారి ఇక్కడికి వచ్చి, ‘మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?’ అని అడిగాడట. మనసుపెట్టి పిలిస్తే పలుకుతాడని భక్తులు చెప్పారు. ఇమాంబేగ్ మూడుసార్లు రామా అని పిలిస్తే, లోపలి నుంచి ‘ఓ’ అని మూడుసార్లు బదులు వచ్చింది. అతను నిర్ఘాంతపోయి, భక్తుడైపోయి, గుడికి నీళ్ల కొరత లేకుండా బావి తవ్వించాడు. ఇప్పటికీ ఆ బావి అతని పేరుతోనే ఉంది.

కథలో ఈ సంఘటనకు 1640 అని సంవత్సరం చెబుతారు. ఇది కొంచెం పొసగదు. మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నది 1650లో, కడప నవాబులు వచ్చింది ఇంకా తర్వాత. కాబట్టి సంవత్సరాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. పేరు మాత్రం బావికి ఉంది, మనిషి పేరు ఊరకే రాదు.

ఇలాంటివి బయటివాళ్లకు వింతగా అనిపిస్తాయేమో గానీ కడపలో ఇదేం కొత్త కాదు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి చూడండి, బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అనుకుని ముస్లిం కుటుంబాలు టెంకాయలు పట్టుకుని వరసలో ఉంటాయి. పెద్ద దర్గాకు వెళ్లే హిందువులకూ లెక్కలేదు.

ఎప్పుడు వెళ్తే మంచిది? ఏమేం జాగ్రత్తలు?

మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట వద్దే వద్దు. చెప్పులు బయట విప్పాక బండ పరుపు మీద నడవాలి. పదకొండు దాటితే అరికాళ్లు చుర్రుమంటాయి, పెద్దవాళ్లు నీడ నుంచి నీడకు పరుగులు తీయాల్సి వస్తుంది. పొద్దున్నే బయల్దేరి రండి, లేదా ఎండ తగ్గాక. నీళ్ల బాటిల్ తప్పనిసరి. గర్భగుడి ఫోటోలు తీయనివ్వరు, అడిగి ఇబ్బంది పడకండి. బట్టలు సంప్రదాయంగా ఉంటే మంచిది.

మామూలు రోజుల్లో దర్శనానికి పెద్ద టెన్షన్ ఉండదు. శనివారాలు, పౌర్ణమి, సెలవు రోజులు కొంచెం రద్దీ.

ఒక్క రోజే టైముంది. ఒంటిమిట్టతో పాటు ఇంకేం చూడొచ్చు?

కడప నుంచి వస్తే దారిలోనే సిద్ధవటం వైపు తిరగండి. పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట. ఒంటిమిట్టను పోషించిన చేతులు ఎక్కడివో చూసినట్టవుతుంది. ముందు కోట చూసి తర్వాత గుడికి రావాలని నా సలహా, వరస బాగుంటుంది. అటునుంచి రాజంపేట వైపు పోతే బోయనపల్లె దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం రోడ్డు మీదకే కనిపిస్తుంది. ఆయన పుట్టిన తాళ్లపాక అక్కడికి దగ్గరే. తిరుపతి వెళ్లాల్సినవాళ్లకు ఇదంతా దారే, వెనక్కి రావాల్సిన పని లేదు. కడపకే తిరిగి వచ్చేవాళ్లు సాయంత్రం దేవుని కడపలో దర్శనం చేసుకోండి. తిరుమల వెళ్లేవాళ్లు తొలి గడపగా మొక్కే గుడి అది, ఊరికి ఆనుకునే ఉంది. ఇంకా ఓపిక మిగిలితే పెన్న ఒడ్డున పాత గుళ్లున్న పుష్పగిరి. కానీ అది ఒక పూటలో చూసి పోయేది కాదు, దానికి వేరే రోజు పెట్టుకోండి.